జమేదారు చుట్టుముట్టిన చెవులపిల్లి

నాలుగో తరగతిలో రెండేళ్లున్నాను. మూడో ఏడు కూడా నన్ను భరించలేక పంతులే బదిలీ చేయించుకున్నాడు. ఆ చదువుతోనే జంగ్లాత్‌ శాఖలో చౌకీదారునయ్యాను. అడవిశాఖలో అందరికీ నేను సలాం కొట్టాలి; నాకు చెట్లు కూడా కొట్టవు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం నన్ను కొత్తగూడ అడవికి వేశారు. నిప్పు పాకకుండా గడ్డి చెక్కించి బాట తీయించడం పని. ఒక పొద్దున ఆ గడ్డిలో రెండు చెవులపిల్లి కూనలు కనబడ్డాయి. పిడికెడంత కుందేళ్లు, తల్లి జాడ లేదు. దిక్కులేనివనుకుని రుమాలులో చుట్టి తెచ్చి, గుడిసెలో గంప కింద పెట్టి, దూదివత్తితో బర్రెపాలు పట్టాను.

అడవిలో దాగిన కమ్యూనిస్టు దళాలకు అన్నం పెట్టినవాళ్లను మిలిటరీ క్యాంపుకు ఈడ్చుకెళ్లే రోజులవి. కల్లు తప్ప పాలు ముట్టని నాలాంటి ఒంటిగాడు పూటపూటా పాలు కొని తలుపేసుకుంటున్నాడని, లోపల ఎవరినో దాచాడని క్యాంపు జమేదారుకు కబురందింది. మర్నాడు మధ్యాహ్నం నలుగురు సిపాయిలు తుపాకులతో గుడిసెను చుట్టారు. లోపలున్నవాడు చేతులెత్తాలని కేక వేసి, గంప లేపారు. లోపలున్నవాడు చెవులెత్తాడు.

జమేదారు కూలబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక కూన పొద్దున్నే చచ్చిపోయింది. మిగిలినదాని పొట్ట డప్పులా ఉబ్బింది.

పాలు పోసే లచ్చవ్వ చూసి తల కొట్టుకుంది. "ఓరి పిచ్చి కొడుకా, తల్లి లేకపోవుడేంది? పగటీలి దగ్గరుంటే నక్క పసిగడ్తదని దూరముంటది. పొద్దుగూకంగ వచ్చి పాలిచ్చి పోతది. బర్రెపాలు గాటికి అరుగుతయా? ఏడ తీసినవో గాడనే పెట్టు, జల్ది!"

పొద్దుగూకితే అడవిలో కనబడ్డవాణ్ని కాల్చమని హుకుం. జమేదారును బతిమాలితే ఆయనే సిపాయిలను తీసుకుని వెంట బయలుదేరాడు. కూనను తీసినచోటే ఉంచి, దూరంగా పొద చాటున సిపాయిలు తుపాకులతో, లచ్చవ్వ పాలచెంబుతో, నేను ఖాళీ రుమాలుతో బోర్లా పడుకున్నాం. దళాల కోసం కూడా సిపాయిలు అంత నిశ్శబ్దంగా కాపు కాసి ఉండరు. మసక పడుతుండగా తల్లి వచ్చింది. కూన దాని పొట్ట కిందికి దూరింది. జమేదారు సంతోషం పట్టలేక నా వీపున ఒక్కటి గుద్దాడు, చప్పుడు కాకుండా.

ఒంటరిగా కనబడ్డ అడవి కుందేలు కూన అనాథ కాదు. పెంచుకోవడానికి ఇంటికి తేకూడదు. తెచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా తీసినచోటే పెట్టాలి. నా ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

ఆ సాయంత్రం తిరిగొస్తూ, ఒక ప్రాణం కాపాడానని మీసం దువ్వాను. లచ్చవ్వ చెంబు చంక మార్చుకుంది.

"నువ్వు కాపాడుడేంది కొడుకా? నీ చేతులకెల్లి గది బతికి బయటపడ్డది!"