డబ్బా పేరు

మా ఊళ్లో ఎవరైనా పురుగుమందు వాసనకి పడిపోతే అందరూ మనిషి దగ్గరికి పరిగెత్తుతారు. ఎలీసమ్మ మాత్రం చేలోకి పరిగెత్తుతుంది, మందు డబ్బా కోసం. ఇరవై ఏళ్ల కిందట ఆమె మొగుడు ఏసుబాబు పత్తికి మందు కొడుతూ కూలిపోయాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగింది ఒకటే మాట, "ఏం మందు?" డబ్బా ఎవరూ తీసుకెళ్లలేదు. మనిషి దక్కలేదు. అప్పటికి కూతురు స్తుతి కడుపులో ఉంది. ఆనాటి నుంచి ఎలీసమ్మకి అదొక పట్టు. ఆమె తెచ్చిన డబ్బాల పుణ్యాన బతికినవాళ్లు ఊళ్లో ఐదుగురున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఆమెని పేరు పెట్టి పిలవరు, "పల్లెలో ఆవిడ" అంటారు. వాళ్ల కులపిచ్చి అంతే.

నన్ను పీరు డాక్టరంటారు. డాక్టర్ని కాను, ఆర్ఎంపీని. సూదులేస్తాను, సెలైన్లు పెడతాను, నా చెయ్యి దాటితే చీటీ రాసిచ్చి 108 ఎక్కిస్తాను. ఆ చీటీయే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

మొన్న ఫిబ్రవరిలో తల్లీకూతుళ్లిద్దరూ మిరపకోతకి వెళ్లారు. సాలు మధ్యలో బిందెంత నల్లటి గుండు ఒకటి నేలలో సగం దిగబడి ఉంది. ఒక పక్క పగిలింది. చెట్లు పాడవుతాయని స్తుతి దాన్ని రెండు చేతులతో పెకలించి గట్టుకి దొర్లించింది. ఘాటు వాసన వచ్చింది. మిరపచేలో ఘాటు కొత్తా? పక్క చేలో ఎవరో మందు కొడుతున్నారనుకున్నారు. కళ్లు మండాయి. కోతకి వెళ్లే ఆడవాళ్లకి కళ్లు రోజూ మండుతాయి. మధ్యాహ్నం ఆ గుండు పక్కనే కూర్చుని అన్నం తిన్నారు.

రెండింటికి పోలీసులూ తాసిల్దారూ వచ్చారు. ఏదో పరాయి దేశం కంపెనీ టిక్కెట్టు కొన్నవాళ్లని ఆకాశంలోకి షికారు తీసుకెళ్తుందట, ఆ రాకెట్ ముక్కట ఇది. గుండుని టార్పాలిన్ పట్టాలో చుట్టి వ్యానెక్కించారు. దీన్ని ముట్టుకున్నదెవరని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం స్తుతికి వాంతులు, వెంటనే ఫిట్స్. నేను వెళ్లేసరికి నోట్లో నురగ. వాసన చూశాను. ముప్పై ఏళ్లుగా మందుల మధ్య నానిన ముక్కు నాది. ఇంకేం ఆలోచించకుండా చీటీ మీద "పురుగుమందు" అని రాశాను.

"మందు కాదు పీరన్నా, ఆ గుండే! నా బిడ్డ దాన్ని పట్టుకుంది" అంది ఎలీసమ్మ.

"ముందు బండెక్కమ్మా!" అని కసిరాను.

ఆమె ఎక్కలేదు. "నువ్వు పంపించు. నేను పేరు తెస్తా" అని తాసిల్దారు ఆఫీసుకి ఆటో ఎక్కింది. స్తుతికి తోడుగా నా భార్య సిద్దికా వెళ్లింది.

"దాంట్లో ఏం మందు పోశారయ్యా?" అని తాసిల్దారుని అడిగిందట.

"మాకెట్లా తెలుస్తుందమ్మా? ఆ గుండుని పైవాళ్లకి పంపేశాం. వాళ్లే చెప్పాలి."

"పడాల్సింది మా మీద పడింది గదయ్యా. పేరొక్కటీ చెప్పండి."

మర్నాడు కంపెనీ ప్రకటన ఇచ్చింది. రాకెట్ మొత్తం గాల్లోనే కాలిపోయిందట, నేలకేమీ చేరలేదట. లేని గుండుకి పేరెవడు చెబుతాడు? షికారెళ్లినవాళ్లు మాత్రం పైనుంచి భూమి ఎంత అందంగా ఉందో టీవీలో చెప్పారు. అంత ఎత్తు నుంచి మా మిరపచేలు కనిపించవు మరి. కనిపిస్తే వాళ్ల నోటికి ఆ మాట వచ్చేదా?

ఆసుపత్రిలో నా చీటీ చూసి పురుగుమందుకే వైద్యం చేశారు. వాళ్లని ఏమనగలను? మూడో రోజు పొద్దున స్తుతి పోయింది. ఎలీసమ్మ అప్పుడు కలెక్టరాఫీసు మెట్ల మీద ఉంది. మొగుడి విషయంలో జరిగిన తప్పు మళ్లీ జరగకూడదని పరిగెత్తి, కూతురి కడసారి చూపు కూడా పోగొట్టుకుంది.

పంతొమ్మిదో రోజుకి ఆ చేలో గుంట చుట్టూ చెట్లన్నీ మాడిపోయాయి. పైవాళ్లు ఆ గుండుని పరీక్ష చేయించారని ఆ రోజే పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. ఎలీసమ్మ ఆ ముక్క చింపుకుని నా దగ్గరికి వచ్చింది.

"పేరు వేశారంట పీరన్నా. చదువు."

హైడ్రాజీన్. రాకెట్లలో పోసే ఇంధనం. ఫోన్లో వెతుకుతుంటే ఆమె నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆ విషంతో వచ్చే ఫిట్స్‌కి ఇచ్చేది బి6 విటమినట, పెద్ద మోతాదులో. తిమ్మిర్లని వచ్చే ముసలాళ్లకి నేను రోజూ వేసే సూదిమందులో ఉండేది అదే. ఫోన్ బోర్లా పెట్టాను.

"దీనికి విరుగుడుందా అన్నా? పేరు ఆ పూటే తెచ్చుంటే బిడ్డ దక్కేదా?"

"లేదమ్మా" అన్నాను. "తెచ్చినా దక్కేది కాదు."

ఎలీసమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "పోన్లే. నా ఆలస్యం వల్ల కాదన్నమాట" అంది. లేస్తూ కాగితం ముక్క నా చేతిలో పెట్టింది.

"నీ మందుల పెట్టెలో దాచన్నా. రేపు ఇంకెవరి చేలో పడినా, పేరన్నా ఉంటుంది."

ఆమె చూస్తుండగానే పెట్టె తెరిచి, కాగితాన్ని ఆ సూదిమందు సీసాల పక్కన పెట్టాను.