కర్రెగాడి గుండె, నా లెక్క

ఆ రోజుల్లో మేం పోగొట్టుకున్నవి వరసగా చెబితే ఇవీ: కర్రెగాడి ఒంటి మీది బొచ్చంతా, కాంపౌండరు చెప్పు ఒకటి, డాక్టరమ్మ జెల్ సీసాలో సగం, నా లెక్కల మీద మా మేనమామకున్న నమ్మకం. బొచ్చు మళ్లీ మొలిచింది. (నమ్మకం ఇంకా మొలుస్తోంది.)

కర్రెగాడు గద్వాల దగ్గర మా మామ గొర్రెల మందకు కావలి కుక్క. నేనప్పుడు పల్లీల మిల్లులో కొత్తగా లెక్కలు రాస్తున్నాను. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవి కాబట్టి వాటి మీద నాకు గురి ఎక్కువ. మేపు కోసం మంద నాగర్‌కర్నూల్ వైపు బయలుదేరే ముందు కర్రెగాడికి దగ్గు పట్టుకుంది. నేను వాడి ఛాతీ మీద చెయ్యి వేసి, ఫోన్‌లో సమయం చూస్తూ గుండె చప్పుడు లెక్కపెట్టాను. ఒకసారి వచ్చిన అంకె మళ్లీ రాలేదు. "లెక్క కుదురుతలేదు మామా, గుండె పోయింది" అన్నాను, తూకం తప్పిన బస్తాను పక్కకు పెట్టించినంత ధీమాగా. మామ ముఖం వాడిపోయింది. "వీన్ని ఇడిసిపెట్టి నేనెట్ల పోతరా అల్లుడా?" అన్నాడు.

కుక్కల గుండెను తెర మీద చూసే స్కానింగ్ మిషన్‌తో హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ వనపర్తికి వస్తోందని తెలిసి ఫోన్ చేశాను. ఛాతీ దగ్గర వెంట్రుకలు తీసి కుక్కను తీసుకురమ్మన్నారు. మామ గొర్రెల కత్తెర అందుకున్నాడు. దవాఖానలో కాంపౌండరు కర్రెగాడిని చూసి, "ఛాతికాడ తియ్యమంటే మొత్తం గొరిగినవేంది పెద్దాయనా?" అన్నాడు. "సగం గొరుగుడు మాకు రాదు బిడ్డా" అన్నాడు మామ.

బల్లకు మధ్యలో కంత ఉంది. దాని మీద కర్రెగాడిని పక్కకు పడుకోబెట్టి, కింది నుంచి కంతలోకి చెయ్యి పెట్టి డాక్టరమ్మ ఛాతీకి జెల్ రాసింది. చల్లగా తగలగానే వాడు గింజుకున్నాడు. "అలవాటైన మాట ఏదైనా అనండి, కుదురుకుంటాడు" అంది. మామకు, వాడికి మధ్య అలవాటైన కేక ఒకటే, మంద చెదిరినప్పుడు వేసేది. "హుర్ర్ర్!" అన్నాడు. కర్రెగాడు జెల్ సీసాను తన్ని బల్ల దూకి, వరండాలోని మేకలు మూడింటినీ, ఒక బొచ్చుకుక్కనూ, చెప్పు జారిపోయిన కాంపౌండరునూ ఒక మూలకు తోలి, పని అయిపోయిందన్నట్టు మామ వైపు చూశాడు.

రెండోసారి మామ నోరు మెదపలేదు. వాడి తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడంతే. తెర మీద గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. "ఒక కవాటం కొద్దిగా లీకవుతోంది, కానీ గుండె పెరగలేదు. బలంగా కొడుతోంది. దగ్గు గొంతుది, మందులిస్తాను. నడిపించండి" అంది డాక్టరమ్మ. మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూరుకోలేదు. "మరి లెక్క కుదరదేం మేడం?" అన్నాను. "ఊపిరి పీలిస్తే వేగం, వదిలితే నిదానం. మంచి గుండె ఉన్న కుక్కలకు అంతే. మీరు సరిగానే లెక్కపెట్టారు" అంది.

"సరిగ్గ లెక్కవెట్టి సంపుతుండె మేడం, మా అల్లుడు!" అన్నాడు మామ. బయటికి రాగానే నాకు శిక్ష పడింది. "నువ్వు గూడ వీనెంట నాగర్‌కర్నూల్ దంక నడువాలె."

సరేనన్నాను. గద్వాల నుంచి మందతో నడిచి మళ్లీ వనపర్తి చేరేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, నేను గుండె పోయిందన్నవాడు మందను రోడ్డు దాటించి, ఆగి, నా కోసం వెనక్కి చూస్తున్నాడు. ఆ తర్వాత కూడా ఎన్నో మేపులకు నడిచాడు.

ఈ మధ్య నా ఛాతీకీ అదే చల్లటి జెల్ రాశారు. (బల్లకు కంత లేదు.) భయం లేదు, రోజూ నడవమన్నారు. నడుస్తున్నాను. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా, అటూ ఇటూగా నలభై కిలోమీటర్లు, కర్రెగాడికి ఇంకా బాకీ.