రిఫ్కీ బాబాయి, గడ్డిపరక

రిఫ్కీ బాబాయికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు: గడ్డిపరక. అది ఉన్నిలో కనిపిస్తే ఇంట్లోకి పాము దూరినంత గోల చేసేవాడు. మా కొండల్లో అంగోరా మేకలు లేని ఇల్లు లేదు. కానీ ఆ పట్టులాంటి ఉన్ని ఏరడానికి ప్రత్యేకంగా ఒక కొట్టం కట్టి, నేల రోజుకు మూడుసార్లు తుడిచి, తెల్లదుప్పట్లు పరిచేవాడు ఆయనొక్కడే. ఆ గుమ్మం ముందు నుంచి పోయే మేకలు కూడా ఒళ్లు దులుపుకుని మరీ వెళ్లేవి. నమ్మరా? నా కళ్లతో చూశాను.

కూతుర్ని చూడ్డానికి పెళ్లివారొచ్చిన రోజున, టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చిన పెళ్లికొడుకుని ఆపేశాడు.

"నాయనా, నీ సాక్సుకు గడ్డిపరకుంది."

"దులుపుకుంటాలెండి మామయ్యా."

"ఇక్కడ కాదు! వీధి చివర!"

పాపం, అతను వీధి చివరిదాకా వెళ్లి దులుపుకుని వచ్చాడు.

"మాట వినే రకమే. పిల్లనిచ్చేద్దాం," అన్నాడు బాబాయి నజీరే పిన్నితో.

నేను ఐదో తరగతిలో బడి మానేసింది పొద్దున, ఉన్ని కత్తెర పట్టింది మధ్యాహ్నం. మొన్న ఏప్రిల్లో పందెం కాసి, నలభై మేకల ఉన్ని ఒక్కరోజులో దించేశాను.

"దించావు సరేరా సెఫెర్, వారం దాకా బయటికి తోలకు. బోసి ఒంటి మీద వాన పడితే చస్తాయి," అన్నాడు బాబాయి.

"నా మేకలకు నా అంత గుండె ఉంది బాబాయ్!"

మర్నాడే మేతకు కొండ మీదికి తోలాను, వడగళ్లు పడ్డాయి. మేకలు నిలువునా వణికిపోయాయి. రెండు కూలబడితే చెరో భుజాన వేసుకుని, మిగతావాటిని తోలుకుంటూ పరుగెత్తాను. దారిలో మొదట తగిలింది బాబాయి ఉన్ని కొట్టం. సోమవారం ఉన్ని కొనే షావుకారు వస్తాడని, ఏరిన ఉన్ని అంతా దుప్పట్ల మీద పోసి ఉంది.

బాబాయి తలుపు తీసి బురద గిట్టల వంక చూశాడు.

"లోపలికి తోలు, గాడిదా!"

"ఉన్నుంది కదా బాబాయ్?"

"ఆ ఉన్ని ఇచ్చిందెవరు, నువ్వా?"

తనే మోపులు మోపులు గడ్డి మోసుకొచ్చి నేలంతా పరిచాడు. గడ్డితోనే మేకల ఒళ్లు రుద్దాడు. కూలబడ్డ రెండింటికీ, అన్నిటికన్నా మెత్తనిదని దాచిన పిల్లమేకల ఉన్ని కప్పాడు. పొద్దుగూకేసరికి నలభై మేకలూ లేచి నెమరేస్తున్నాయి.

తర్వాత మూడు రోజులు అందరం కూర్చుని ఏరినా పరకలు మిగిలే ఉన్నాయి. సోమవారం షావుకారు ఒకటి పట్టుకుని పైకెత్తాడు.

"రిఫ్కీ గారూ! మీ ఉన్నిలో గడ్డా?"

నిజం చెప్పబోయాను. బాబాయి నా కాలు తొక్కాడు.

"ఈ ఏడాది కొత్త రకం సార్. దుప్పటి నేయించి కప్పుకోండి, పచ్చికలో పడుకున్నట్టే ఉంటుంది."

కోతలు కోయడంలో నన్ను మించినవాడు ఈ కొండల్లో పుట్టలేదనుకునేవాణ్ణి. ఓడిపోయానని టోపీ తీసి ఆయన చేతిలో పెట్టాను.