రాత్రి పూట ఎండ

గా రోజు ఆర్మూర్ బస్టాండ్‌ల కమ్మర్‌పల్లి బస్సు కోసం కూసున్న. పక్కన కూసున్నామె ఓడల నార్వే తిరిగొచ్చిందట, అడగకున్నా జాగ్రత్తలు చెప్పవట్టింది.

"ఎండకాలం పోతే కిటికీ లేని రూమే తీసుకో అక్కా. గాడ పొద్దు గూకదు, రాత్రంత ఎండే! నేనైతే కండ్లకు నల్లగుడ్డ కట్టుకొని పండుకున్న."

నేను మొగులు దిక్కు చూసిన. ఊర్ల మా ఉడకబెట్టిన పసుపు కల్లంల ఆరుతున్నది, ఇంకో వారం ఎండ కావాలె.

"గా ఎండకు పసుపు ఎన్ని రోజులల్ల ఆరుతది?" అని అడిగిన.

ఆమె పకపక నవ్వింది.

ఓడ ఎక్కిందని నాకేం కుళ్లు లేదు. గని పొద్దుగూకంగ పసుపు కుప్పజేసి టార్పాలిన్ కప్పినప్పుడల్లా, ఇప్పటికీ ఆమె మీద కడుపు మండుతది. గంత ఎండ పెట్టుకొని కండ్లకు గుడ్డ కట్టుకున్నది.