నా పేరు పెంటమ్మ

పోలండ్ నుంచి మా ఆఫీసుకొచ్చిన బోగుమిల్, తన పేరుకు ‘దేవుడికి ఇష్టుడు’ అని అర్థం చెప్పి, నా పేరుకు అర్థమేమిటని అడిగాడు. నేను కాఫీ కప్పులోకి చూశాను.

గురజాల బళ్లో హాజరులో నా పేరు పిలవగానే పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికెళ్లి, “ఈ పేరు పెట్టావు, నేనంటే నీకంత అసయ్యమేందమ్మా?” అని అడిగాను.

అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. “నీ ముందు ఇద్దరు పురిట్లోనే పోయారే. నువ్వన్నా దక్కాలని చేటలో ఏసి పెంటకుప్ప మీద పడుకోబెట్టాం. పక్కింటి పిన్ని ఎత్తుకొస్తే గుప్పెడు తవుడు పోసి కొనుక్కున్నా. పెంటలోదాన్ని చావు ముట్టుకోదంట,” అంది. కారం చేతులు కదా, కళ్లు మోచేత్తో తుడుచుకుంది.

మర్నాడు కూడా తల దించుకునే హాజరు పలికాను.

చావుకు అసహ్యం పుట్టాలని అమ్మ పెట్టిన పేరది. ఈ రోజుకీ అసహ్యించుకుంటున్నది నేను.