బాధ్యుల గడిలో రాసిన పేరు

యలహంక పాతవూరి నుంచి బొమ్మనహళ్ళికి రెండు బస్సులు మారాలి. ఇరవై ఒక్క ఏళ్ళుగా మునీంద్ర ఆ రెండు బస్సులూ మారుతూనే ఉన్నాడు. బట్టలు కుట్టే కంపెనీలో కంప్యూటరు పనేముంటుందని చుట్టాలు నవ్వేవాళ్ళు. నవ్వనీ, వాళ్ళకేం తెలుసు! పొద్దున ఎనిమిదింటికి తొమ్మిది వందల మంది ఆడవాళ్ళు గేటు దగ్గర వేలిముద్ర వేస్తారు. ఏ లైనులో ఏ చొక్కా కుట్టాలి, ఎన్ని చేతులు కత్తిరించాలి, ఏ లారీ ఎప్పుడు కదలాలి అన్నీ తెర మీద చూసుకునే చేస్తారు. ఎవరు ఏ మీట నొక్కినా వెనకాల ఉండి జవాబిచ్చేది అప్లికేషన్ సర్వరు. అది ఆగితే కంపెనీ ఆగినట్టే. అది బాగున్నన్నాళ్ళు దాన్ని చూసుకునే మనిషి ఒకడున్నాడని ఎవరికీ పట్టదు. పాడైన రోజున మాత్రం వాడి పేరు వాచ్‌మన్‌తో సహా అందరి నోటా పలుకుతుంది.

ఆ సర్వరును మొదట నిలబెట్టింది రేణుక. కేబుళ్ళు లాగే పనికని వచ్చిన మునీంద్రను పక్కన కూర్చోబెట్టుకుని విద్య నేర్పింది కూడా ఆమే. ఆదివారం మధ్యాహ్నాలు కుట్టు మిషన్లన్నీ మూగబోయాక ఇద్దరూ కలిసి సర్వరును ఆపి, మళ్ళీ లేపేవాళ్ళు. ముందు డేటాబేసు, తర్వాత సర్వరు, ఆ తర్వాత ప్రోగ్రాములు ఒకటొకటిగా. ఇతనిది ఆత్రం. ఒకటి పూర్తిగా లేవకముందే రెండోదాని మీద చెయ్యి వేసేవాడు. ఆమె చెయ్యి పక్కకు తోసేది, డబ్బాలోంచి చిత్రాన్నం పెట్టి, తిని ఆ తర్వాత నొక్కమనేది. అన్నా అని పిలిచేది. పిలవడమే కాదు, అన్నలాగే చూసుకుంది.

భర్త ఎప్పుడో పోయాడు, ఉన్నది ఒక్క కూతురు పల్లవి. ఆ పిల్ల చదువు ముగిసే ఏడే రేణుకకు కేన్సరని తేలింది. ఇంక ఆఫీసుకు రాలేనని తెలిశాక కాడుగోడిలో తన ఇంటికి రమ్మని కబురు పెట్టింది. వరసగా నాలుగు ఆదివారాలు మంచం మీద పడుకునే సర్వరు సంగతులన్నీ చెప్పింది, ఇతను నోటుబుక్కులో రాసుకున్నాడు. నాలుగో ఆదివారం మందుల మత్తులో మాట మధ్యలోనే కళ్ళు మూసుకుంది. లేపడానికి మనసొప్పక మునీంద్ర పుస్తకం మూసి వచ్చేశాడు. ఆ తర్వాత చెప్పడానికి ఆమెకు ఓపిక రాలేదు. ఫిబ్రవరిలో పోయింది.

పదకొండో రోజు భోజనం తిని వచ్చిన మర్నాడు, నిబంధన ప్రకారం ఆమె లాగిన్, మెయిల్ పెట్టె మూసేశాడు. ఇంకెవరికైనా చెప్పి చేయించవచ్చు. కానీ వేరేవాళ్ళ చెయ్యి పడటం ఇష్టం లేక తానే చేశాడు, చేసి బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాడు. రేణుక మీద ఉన్న గౌరవంతో కంపెనీవాళ్ళు పల్లవికి అదే విభాగంలో, అదే కుర్చీలో పని ఇచ్చారు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు.

జూలైలో ఒక సోమవారం గేటు యంత్రాలు వేలిముద్రలు తీసుకోలేదు. తొమ్మిది వందల మంది తుంపరలో రోడ్డు మీద నిలబడ్డారు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న అంజినమ్మ కొంగు తల మీద కప్పుకుని, మేమేం తప్పు చేస్తిమని వాచ్‌మన్‌ను నిలదీసింది. పది నిమిషాల్లోనే మునీంద్రకు సంగతి దొరికింది. సర్వరుకో సర్టిఫికెట్ ఉంటుంది. నేను ఫలానా అని మిగతా యంత్రాలకు చూపించుకునే గుర్తింపు కాగితం లాంటిది. దానికి గడువుంటుంది. ఆ గడువు ఆదివారంతో తీరిపోయింది, ఇక ఏ యంత్రమూ సర్వరు మాట నమ్మడం లేదు. కొత్తది తెప్పించి పెట్టేసరికి పన్నెండయింది. ఓడకని ఆ సాయంత్రం బయల్దేరాల్సిన సరుకు బయల్దేరలేదు.

ఇదెలా జరిగింది? వెతికితే దొరికింది. గడువు దగ్గరపడుతోందని నెల ముందు, పదిహేను రోజుల ముందు, వారం ముందు సర్వరు మూడుసార్లు మెయిల్ పంపింది. మూడూ రేణుకకే. చిరునామా గడిలో ఆమె తన పేరొక్కటే పెట్టుకుంది, అన్నీ చెప్పిన మనిషి ఆ ఒక్కటి చెప్పడం మరిచింది. మూసేసిన పెట్టెకు వచ్చిన ఉత్తరాన్ని ఎవరు చదువుతారు? ఆ నాలుగో ఆదివారం ఇంకో అరగంట కూర్చుని ఉంటే చెప్పేదేమో. ఆ అరగంట మునీంద్రను ఇప్పటికీ పీక్కు తింటోంది.

జరిగినదానికి కారణం రాసివ్వాలని ఫారం వచ్చింది. అందులో బాధ్యులు అని ఒక గడి. మేనేజరు భరత్ చిన్నవాడే, చెడ్డవాడు కాదు. తలుపు వేసి నెమ్మదిగా చెప్పాడు.

"ఫ్యాక్ట్ అదే కదా సార్, ఆ మేడం పేరు రాసేయండి. ఆమె లేరు, ఆమెకేం ప్రాబ్లం లేదు. మీ జాబ్ సేఫ్."

నిజమే, అబద్ధం రాయమనలేదు. కానీ ఆ ఫారం విభాగంలో అందరికీ వెళుతుంది. ఫైలులో పెట్టేది పల్లవే. తల్లి పేరు మీద ఉద్యోగం వచ్చిన పిల్ల, తల్లి కుర్చీలో కూర్చుని, తల్లి వల్లే తొమ్మిది వందల మంది వానలో నిలబడ్డారని తన చేత్తో ఫైలు చెయ్యాలా? ఆ పిల్లకు తల్లి నుంచి మిగిలిందే ఆ మంచి పేరు. మునీంద్ర ముందు సర్వరులో చిరునామా గడి తెరిచి రేణుక పేరు తీసి తన పేరు పెట్టాడు. తర్వాత ఫారంలో రాశాడు: మెయిళ్ళు నాకే వచ్చాయి, నేను పట్టించుకోలేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో అతను రాసిన మొదటి తప్పుడు రిపోర్టు అదే. భరత్ చదివి, ఇది కరెక్ట్ కాదన్నాడు.

"ఉండనీలేప్పా," అన్నాడు మునీంద్ర.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. సర్వరు బాధ్యత పల్లవికి. మునీంద్ర స్టోరుకు పోయి పాత కంప్యూటర్లకు నంబరు చీటీలు అంటించాలి. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. భార్య వరూధిని ఏమైందని అడిగితే, పని మారిందని మాత్రం చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం పల్లవికి పని అప్పజెప్పడానికి వచ్చాడు. ఆ పిల్ల ముఖం ఎత్తలేదు. గంట సేపు అతను చెబుతుంటే రాసుకుంది. ఆఖరికి పెన్ను పక్కన పెట్టింది.

"మూడు మెయిళ్ళు వస్తే చూసి కూడా ఊరికే ఉంటివా మామా? ఆస్పత్రిలో నొప్పికి తాళలేక ఏడస్తా కూడా మాయమ్మ సర్వరు ఎట్లుండాదని అడగతా ఉండె. నువ్వుండావని ధైర్యంగా పాయె."

మునీంద్ర తప్పయిందమ్మా అన్నాడు. తర్వాత తెర వైపు చూపించి, ఇంక చివరి సంగతి చెప్పాడు.

"గుర్తు చేసే మెయిలు ఏదైనా సరే, ఇద్దరి పేర్లు పెట్టు. ఒక్కరికే పెట్టొద్దు తల్లీ."

"అది నువ్వు చెప్పల్లా? మాయమ్మ ఉండుంటే అట్లే పెట్టుండేది."

"అవునమ్మా," అన్నాడు మునీంద్ర. "అట్లే పెట్టేది."