వెనక గదిలో అమ్మకి చోటు

కాదండీ, బియ్యం బస్తా, నీళ్ల బిందె, కిరసనాయిలు స్టవ్వు అన్నీ పడవలో ఒకే పక్కకి పేర్చకూడదు. నాన్నతో తెరచాప పడవ మీద ధాన్యం మోసుకుంటూ కాలవల వెంట తిరిగేవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. అయినా ఇవాళ అదే పని చేశాను.

గుణదల తిరునాళ్లకి పడవ మీద రమ్మంటే అమ్మ ఏ ఏడూ ఒప్పుకోదు. కొవ్వొత్తులు మా చేతికిచ్చి ఇంట్లోనే ఉండిపోతుంది. మోకాళ్ల నొప్పులతో ముడుచుకుని పడుకోలేదు, మా పడవ వెనక గదిలో కాళ్లు చాపే చోటు లేదు. అందుకని పొద్దున సామానంతా ఎడమ పక్కకి చేర్చి, కుడి పక్కన ఆమెకి చాప పరిచాను. తెరచాప ఎత్తగానే పడవ ఎడమకి ఒరిగింది.

చుక్కాని దగ్గర్నుంచి నాన్న కేకేశాడు. “ఏరా, లోపల ఏనుగునేమన్నా ఎక్కించావా?”

గట్టుకి కట్టాక బరువైనవన్నీ గది మధ్యన నేల పలకల కింద సర్దాను. గిన్నెలు ఉట్టిలో వేలాడదీశాను. సాయంత్రం అమ్మ వచ్చి ఆ పలకల మీద పడుకుని, మెల్లగా కాళ్లు చాపింది. మడమలు దేనికీ తగల్లేదు.

“బానే ఉంది గానీ, నా మందుల సంచి ఎక్కడ తగిలించుకోనురా?” అంది.

వస్తానని నోటితో చెప్పలేదు, నాకు ఆ మాట చాలు. గదిలో ఉన్నది ఒక్కటే మేకు. దానికి ఎప్పుడూ నాన్న చొక్కా వేలాడుతుంటుంది. అది తీసేసి సంచి తగిలించాను. నాన్న ఇంకా చూడలేదు. అడిగితే ఏం చెప్పమంటారు?